మీరు అడిగారు: జిల్లా పేజీలో నాలుగు లైన్లు

ప్రశ్న: మా దగ్గర చిన్న డిగ్రీ కాలేజీ హాస్టల్లో నీళ్ల మోటారు వేయబోయి కరెంటు షాక్‌తో ఒకబ్బాయి చనిపోయాడు. జిల్లా పేజీలో నాలుగు లైన్లు వేసి ఊరుకున్నారు. తిరుపతిలో పేరున్న సంస్థలో జరిగుంటే టీవీలవాళ్లు గేటు ముందు కాపు కాసేవాళ్లు కాదా? మేమేం చెయ్యాలి?
— ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: కాసేవాళ్లే. కొండ ఉంది కాబట్టి కెమెరాలు ఏడాది పొడవునా తిరుపతిలోనే ఉంటాయి. ఎస్వీ యూనివర్సిటీ అక్కడే, ఐఐటీ పక్కనే ఏర్పేడులో. చిన్న ఊళ్లలో వార్త రాసేది ఎక్కువగా జీతం లేని కంట్రిబ్యూటరు. అడ్మిషన్ల సీజన్లో కాలేజీల చుట్టూ తిరిగి ప్రకటనలు తేవాల్సిందీ చాలాచోట్ల ఆయనే. ఇక నాలుగు లైన్లు కాక ఏమొస్తాయి?

ఈ తేడా మన దగ్గరే పుట్టలేదు. అమెరికాలో 1970 మే 4న కెంట్ స్టేట్ యూనివర్సిటీలో పట్టపగలు నేషనల్ గార్డ్ అనే సైనిక దళం కాల్పుల్లో నలుగురు విద్యార్థులు పోయారు. అక్కడి ఫొటో జర్నలిజం విద్యార్థి తీసిన బొమ్మకు అక్కడి పత్రికారంగంలో పెద్ద బహుమతి పులిట్జర్ వచ్చింది. 11 రోజులకు నల్లజాతి పిల్లలు చదివే జాక్సన్ స్టేట్ కాలేజీలో అర్ధరాత్రి దాటాక పోలీసు తూటాలకు ఇద్దరు పోయారు. దీన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు చాలా తక్కువ. ఒంటి రంగు ఒక కారణం, చీకట్లో కెమెరా లేకపోవడం ఇంకోటి. ఈ రెండోదైతే మీ చేతిలో పనే.

స్టార్టరు పెట్టె, అందులోకి వచ్చే వైర్లు, ఎర్తు వైరు తెగిందా, అసలు ఉందా, మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (షాక్ నుంచి కాపాడే బ్రేకరు) ఉందా: కరెంటు ఆపించి, ఏదీ ముట్టుకోకుండా, తేదీ, టైము పడేలా ఫొటోలు తీయండి. 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ మనిషి ఒంట్లోంచి కరెంటు లీకైన మరుక్షణం పడిపోయి సరఫరా ఆపేస్తుంది. మామూలు బ్రేకరు ఎంసీబీ ఓవర్‌లోడుకు, షార్ట్ సర్క్యూట్‌కు పడుతుందే తప్ప అంత కొద్ది కరెంటుకు కదలదు. "బ్రేకరు ఉందండీ" అని యాజమాన్యం అంటే ఏ బ్రేకరో అడగండి. ఇలాంటప్పుడు సాక్ష్యం పోయేది సాయంత్రానికల్లా కొత్త వైరు లాగించేయడంతోనే. ఇప్పటికే మార్చేసి ఉంటే పాత వైరు, పాత స్టార్టరు స్వాధీనం చేసుకోమని పోలీసులకు రాసివ్వండి.

విద్యుత్ చట్టం 2003లోని 161వ సెక్షన్ ప్రకారం ప్రాణం పోయిన ప్రమాదాన్ని ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు తెలపాలి, గడువు 24 గంటలు. కాలేజీ తెలపకపోతే మీరే అర్జీ పెట్టండి. పోలీసులు తరచూ బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 194 కింద మృతి కేసు మాత్రం రాసుకుంటారు. అది చావుకు కారణం తేల్చే విచారణే. నిర్లక్ష్యం మీద కేసు నడవాలంటే బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 106(1) కింద ఎఫ్‌ఐఆర్ కావాలి. ఫిర్యాదులో ఏడుపు తగ్గించి వివరం పెంచండి: మోటారు వెయ్యమన్నది ఎవరు, అంతకుముందు షాక్ కొడుతోందని వార్డెనుకు ఎవరు ఎప్పుడు చెప్పారు, ఆ వాట్సాప్ మెసేజీలు ఉన్నాయా. స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి.

ప్రైవేటు కాలేజీ "మాకు సమాచార హక్కు వర్తించదు" అంటుంది. దాంతో వాదన వద్దు. గుర్తింపు ఇచ్చిన యూనివర్సిటీకే 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టి తనిఖీ నివేదికలు అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఆ నాలుగు లైన్ల కటింగు పారేయకండి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు పంపే ఫిర్యాదుకు జతచేయండి. ఏడాది దాటితే తీసుకోరు. కమిషన్ చూసేది ప్రభుత్వోద్యోగుల నిర్లక్ష్యం గనుక తనిఖీ చేయనివాళ్ల గురించి రాయండి, ఓనరును తిట్టి ప్రయోజనం లేదు.

విలేకరి దగ్గరికి మళ్లీ వెళ్లేటప్పుడు "న్యాయం చెయ్యండి" అంటూ వెళ్లకండి. ఇన్‌స్పెక్టరు నివేదికో, సోమవారం కలెక్టరేట్లో ఇచ్చిన అర్జీ రసీదో పట్టుకుని, ఒకే పేజీ నోటుతో, సాయంత్రం 5 లోపు వెళ్లండి.

ప్రశ్న: అబ్బాయి పడిపోయి ఉన్న ఫొటో గ్రూపుల్లో తిప్పితే నలుగురికీ తెలుస్తుంది కదా?
— అదే పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. అది పోలీసులకు మాత్రమే ఇవ్వండి. పేపరుకైతే తల్లిదండ్రులను అడిగి కాలేజీ ఐడీ కార్డు ఫొటో, దాని పక్కన ఆ స్టార్టరు పెట్టె ఫొటో.