సొంత స్కూబా డైవింగ్ సామగ్రితో అండమాన్‌కు విమానంలో వెళ్తే లగేజీకి అదనంగా చెల్లించాలా?

హైదరాబాద్ నుంచి శ్రీ విజయపురం, అంటే పాత పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్తున్నారనుకుందాం. దేశీయ ఎకానమీ టికెట్టుపై సాధారణంగా చెక్-ఇన్ లగేజీ 15 కిలోలు, చేతిసంచి 7 కిలోల వరకు ఉచితం. బీసీడీ జాకెట్టు (నీటిలో తేలడాన్ని అదుపు చేసేది), రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది), ఫిన్లు (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు), వెట్‌సూట్ (చలి ఆపే డైవింగ్ దుస్తులు), మాస్కు కలిపితేనే దాదాపు 10 కిలోలవుతాయి. ఇక బట్టలకు మిగిలేది ఎంతో లెక్క వేసుకోండి. పరిమితి దాటితే కిలోకు ఇంత చొప్పున వసూలు చేస్తారు. కౌంటర్ దగ్గర కట్టేకన్నా ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే సాధారణంగా తక్కువ పడుతుంది.

గాలి సిలిండర్, నీటిలో మునగడానికి కట్టుకునే సీసపు బరువులు మాత్రం మోసుకెళ్లకండి. మామూలు అల్యూమినియం సిలిండర్ ఖాళీగా ఉన్నా 14 కిలోల పైమాటే, పైగా గాలి నింపి ఉంటే విమానంలోకి రానివ్వరు. రెండూ అక్కడి డైవింగ్ కేంద్రాల్లోనే దొరుకుతాయి.

ఖరీదైనది, సున్నితమైనది రెగ్యులేటర్. దాన్నీ, లోతూ సమయం చూపే డైవ్ కంప్యూటర్‌నూ చేతిసంచిలో పెట్టుకోండి, చెక్-ఇన్ బరువు కూడా తగ్గుతుంది. డైవింగ్ టార్చి బ్యాటరీ విడిగా తీసి చేతిసంచిలోనే ఉంచాలి. కత్తి మాత్రం చెక్-ఇన్‌లోకే.

చాలామంది మరిచిపోయేది తిరుగు ప్రయాణం. నీరోడే వెట్‌సూట్‌ను అలాగే మడిచి పెడితే, వెళ్లేటప్పుడు సరిపోయిన పెట్టె వచ్చేటప్పుడు తూకం దాటుతుంది. ఎలాగూ చివరి డైవింగ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదంటారు కదా, ఆ సమయంలో ఆరబెట్టుకోండి.

ఒకే ఒక్కసారి డైవింగ్ చేయడానికి వెళ్తుంటే, మాస్కు తప్ప మిగతావన్నీ అక్కడే అద్దెకు తీసుకోవడం మేలని నా అభిప్రాయం.