ఒళ్ళు కాలిన మనిషికి టెంపరేచర్ ఎందుకు పడిపోతుంది?

గ్యాస్ ప్రమాదంలో మీ అన్నయ్యకు ఒళ్ళు 40 శాతం కాలిందని, ఐసీయూలో టెంపరేచర్ 35 డిగ్రీల సెల్సియసే ఉందంటున్నారని, మంటల్లో కాలిన మనిషి ఒళ్ళు చల్లబడటం ఏమిటని అడిగారు. నేను బర్న్స్ వార్డులో స్టాఫ్ నర్సుని. మా దగ్గరకు వచ్చే చాలామంది బంధువులు టెన్షన్‌తో అడిగేది ఇదే.

అసలు కారణం చర్మం పోవడం. ఒంట్లో నీరు ఆరిపోకుండా ఆపేది చర్మమే. అది కాలిన చోట నీరు ఆగకుండా ఆవిరవుతూ, ఒంట్లో వేడిని కూడా పట్టుకుపోతుంది. ఒక్క లీటరు ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడి పోయినట్టే. మామూలుగా చలి వేస్తే చర్మంలో రక్తనాళాలు ముడుచుకుని వేడిని లోపలే ఆపుతాయి. కాలిన చోట ఆ ఏర్పాటే ఉండదు.

దీనికి తోడు ఆసుపత్రికి చేరేలోపే కొంత వేడి పోతుంది. కాలగానే 20 నిమిషాలు కుళాయి నీళ్ళు పోయడం మంచిదే. కానీ ఒళ్ళు ఎక్కువగా కాలినవాళ్ళను తడి దుప్పటి చుట్టి, ఏసీ వేసిన అంబులెన్సులో తీసుకొస్తుంటారు. స్ట్రెచర్ మీద పళ్ళు టకటకా కొట్టుకుంటూ వస్తారు, పెదాలు నీలంగా ఉంటాయి. ముందు ఆ తడి బట్ట తీసేసి, శుభ్రమైన పొడి బట్ట చుట్టి, పైన కంబళి కప్పుతాం. ఐస్ మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు.

ఆ తర్వాత సెలైన్. కాలినవాళ్ళకు ఎంత ద్రవం ఎక్కించాలో చెప్పే పార్క్‌ల్యాండ్ లెక్క ప్రకారం 60 కిలోల మనిషికి 40 శాతం కాలితే మొదటి 24 గంటల్లో 9,600 మిల్లీలీటర్లు ఎక్కించాలి, అందులో సగం కాలినప్పటి నుంచి 8 గంటల్లోపే. అంత ద్రవం ఏసీ గది చల్లదనంతో ఎక్కితే ఒళ్ళు ఇంకా చల్లబడుతుంది. అందుకే వెచ్చబెట్టి ఎక్కిస్తాం. ఆపరేషన్ అప్పుడు మత్తులో వణుకు కూడా రాదు కాబట్టి ఆపరేషన్ థియేటర్‌ని వేడిగా ఉంచుతారు, డాక్టర్లకు చెమటలు కారుతున్నా సరే. చల్లబడిన ఒంట్లో రక్తం సరిగా గడ్డకట్టదు, గుండె లయ కూడా తప్పవచ్చు.

కాబట్టి ఆయన గదిలో ఏసీ ఆపేశారని, హీటర్ పెట్టారని దయచేసి గొడవపడకండి. మీ అంతట మీరు వేడినీళ్ళ బ్యాగు మాత్రం పెట్టకండి, స్పర్శ తెలియని చోట మళ్ళీ కాలుతుంది.

ఒక్క విషయం డాక్టరుగారిని తప్పకుండా అడగండి: ఈ 35 ఆయన ఆసుపత్రికి వచ్చినప్పటి నుంచీ ఉందా, మధ్యలో పడిందా? మొదటి రోజైతే చాలావరకు పైన చెప్పిన కారణాలే. కొన్ని రోజులు గడిచాక మాత్రం ఇన్‌ఫెక్షన్ లేకపోయినా ఒళ్ళు 38 దాకా వెచ్చగా ఉండటం మామూలు. అప్పుడు 36.5 కంటే కిందికి పడితే రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకిందేమోనని వెంటనే చూడాలి. జ్వరం 39 దాటినప్పుడు ఎంత కంగారుపడతామో దీనికీ అంతే పడతాం. ఆయన మత్తుగా ఉన్నా, మాట తడబడినా, మూత్రం తగ్గినా డ్యూటీ నర్సుకు అప్పటికప్పుడే చెప్పండి. రౌండ్స్ దాకా ఆగొద్దు.