పాత వాక్యూమ్ క్లీనర్ల కోసం చిట్టీ పాడుకోవాలా?

ప్రశ్న: హన్మకొండలో మోటారు వైండింగ్ దుకాణంలో పనిచేస్తున్నాను. జీతం నెలకు 18,000 రూపాయలు. మూతపడుతున్న ఒక హోటల్ వారు 12 పాత వాక్యూమ్ క్లీనర్లను, నీళ్లు కూడా పీల్చే డ్రమ్ము రకం, మొత్తం 36,000కు ఇస్తామంటున్నారు. ఒక్కోదానికి వెయ్యి రూపాయల సామాను వేసి బాగుచేస్తే 5,500కు అమ్ముకోవచ్చు. నెలకు 5,000 చొప్పున 20 నెలల లక్ష రూపాయల చిట్టీ కడుతున్నాను. అది వచ్చే మే నెలతో ముగుస్తుంది. ఆ డబ్బు జూన్‌లో అమ్మాయి ఇంటర్ ఫీజుకు అనుకున్నది. పోయిన నెల పాట 25,000 దగ్గర ఆగింది. బ్యాంకులో 28,000 ఉన్నాయి. చిట్టీ పాడుకుని ఈ సరుకు కొనవచ్చా?

జవాబు: సరుకు కొనవచ్చు, కానీ పన్నెండూ కాదు, చిట్టీని మాత్రం ముట్టుకోకండి.

మీ లెక్క ప్రకారం ఒక్కో యంత్రం మీద 1,500 చొప్పున 18,000 రూపాయలు మిగలాలి. పన్నెండూ బాగుపడతాయన్న నమ్మకం మీద ఆ లెక్క నిలబడి ఉంది. హోటల్‌లో రోజూ నలిగిన యంత్రాల్లో కొన్నింటి మోటారు కాలిపోయి ఉంటుంది, కొన్నింటి గొట్టాలు చిరిగి, మూత బిగింపులు విరిగి ఉంటాయి. మూడింటిని విప్పి వాటి గొట్టాలు, చక్రాలు, మూతలు మిగతా వాటికి వేయాల్సి వస్తుందనుకుందాం. అప్పుడు అమ్మకానికి మిగిలేవి తొమ్మిదే కాబట్టి ఒక్కోదాని కొనుగోలు ధర 4,000 అవుతుంది. సామానుతో కలిపి 5,000. తొమ్మిదింటి మీద మొత్తం లాభం 4,500 రూపాయలు, అందులో మీ కూలి కూడా కలిసే ఉంది.

ఇక చిట్టీ సంగతి. ఇప్పుడు 25,000 తగ్గించి పాడితే మీ చేతికి 75,000 వస్తాయి. చివరిదాకా ఆగితే, నిర్వాహకుడి కమీషన్ 5 శాతం పోగా, 95,000 వస్తాయి. అంటే 4,500 లాభం కోసం మీరు 20,000 వదులుకుంటున్నారు. సరుకు కొన్నాక మిగిలే 39,000ను ఏడాది పాటు బ్యాంకులో డిపాజిట్ చేసినా మూడు వేల వడ్డీ కూడా రాదు. పోల్చి చూడటానికి మాత్రమే చెబుతున్నాను: ఇదే 36,000ను బంగారం మీద 12 శాతం వడ్డీకి ఆరు నెలలకు తెచ్చినా అయ్యే ఖర్చు 2,160 రూపాయలు. చిట్టీ పాట అప్పులా కనిపించదు గనుక దాని ఖరీదు చాలామందికి తెలియదు.

బ్యాంకులోని 28,000లో సగం కదిలించకుండా, మిగతా 14,000తో నాలుగే యంత్రాలు కొనండి. ఏరుకున్నందుకు ఒక్కోదానికి 3,500 అడిగినా ఇవ్వవచ్చు, అయితే ఏరే హక్కు మీకే ఉండాలి. మీది మోటార్ల పనే కాబట్టి పైమూత విప్పి చూడనిదే ధర మాట్లాడకండి. కమ్యుటేటర్ (బ్రష్‌లు రాసుకుంటూ తిరిగే రాగి పట్టీల చుట్టు) నల్లగా మాడి గాట్లు పడిందా, కార్బన్ బ్రష్‌లు ఎంత మిగిలాయి, బేరింగ్ తుప్పు పట్టిందా అన్నది చూడండి. నీళ్లు నిండితే పీల్చే దారిని మూసే తేలుడు బంతి ఊడిపోయిన యంత్రమైతే లోపలికి నీళ్లు పోయి ఉండవచ్చు. మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టకుండా దాన్ని నమ్మవద్దు. నడుస్తున్నప్పుడు గొట్టం మూతిని అరచేత్తో మూస్తే మోటారు రొద ఒక్కసారిగా సన్నబడి పైకి లేవాలి. లేవకపోతే రబ్బరు సీలు దగ్గరో గొట్టంలోనో గాలి కారుతున్నట్టు. అది చవకగా పోయే లోపం గనుక బేరానికి పనికొస్తుంది. బ్రష్‌లు అరిగినా అంతే. ఆర్మేచర్ (మోటారులో తిరిగే వైండింగ్ భాగం) పోయినదాన్ని మాత్రం స్పేరు పార్టుల ధరకు కూడా ఆలోచించే తీసుకోండి.

ఎవరికి అమ్ముతారన్నది మీ ఉత్తరంలో లేదు. మన ఇళ్లలో నాపరాళ్లో టైల్సో ఉంటాయి, చీపురుతో ఊడ్చి తడిగుడ్డ పెడితే పని అయిపోతుంది. పైగా ఏడెనిమిది వేలకు వారంటీతో కొత్తది దొరుకుతున్నప్పుడు 5,500 పెట్టి పాతది కొనే గృహస్థులు తక్కువ. కార్లు కడిగే షెడ్లు, లాడ్జీలు, ఫంక్షన్ హాళ్లు, సోఫాలు శుభ్రం చేసేవారు, కొత్తవాడలో దర్రీలు అమ్మేవారు, వీరిని ముందే కలిసి ధర అడగండి. ఎనుమాముల వైపు పత్తి, మిర్చి వ్యాపారులకు అమ్మకపోవడం మేలు: పత్తి పీచు ఫిల్టరును మూసేస్తుంది, సన్నటి దుమ్ము బేరింగుల్లోకి చేరుతుంది, కొద్ది రోజులకే యంత్రం తిరిగి మీ బల్ల మీదికి వస్తుంది. అమ్మిన ప్రతిదానికీ నెల రోజుల హామీ రాసివ్వండి, అందుకోసం ఒక్కోదాని మీద 200 రూపాయలు పక్కన పెట్టండి. ఇంత చేశాక నాలుగింటి మీద మీకు మూడు వేల పైచిలుకు మిగులుతుంది.

నా దృష్టిలో ఇంతకన్నా మంచి దారి మరమ్మతు. కొని అటక మీద పడేసిన యంత్రాలు ఊళ్లో కావలసినన్ని ఉన్నాయి. బ్రష్‌లు మార్చి, ఫిల్టరు కడిగి పూర్తిగా ఆరనిచ్చి బిగిస్తే సామాను ఖర్చు యజమానిదే, కూలి మీది, సరుకులో మీ రూపాయి ఇరుక్కోదు. గిరాకీ నిలదొక్కుకుంటే ఉచితంగానే ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ) నమోదు చేయించుకుని, 50,000 వరకు హామీ అడగని ముద్ర శిశు రుణానికి అప్పుడు బ్యాంకుకు వెళ్లవచ్చు.

హోటల్ వారి దగ్గర యంత్రాల సీరియల్ నంబర్లతో అమ్మకం రసీదు తప్పక రాయించుకోండి. నాలుగూ అమ్ముడయ్యేసరికి మిగతా ఎనిమిదీ అక్కడే ఉంటే, ఖాళీ చేయాల్సిన తొందర వారిదే గనుక, ఈసారి ఒక్కోదానికి 2,000 దగ్గర బేరం మొదలుపెట్టండి.