అమ్మలూ, ఇన్‌లైన్ రీలు కొనే ముందు

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. ఆఫీసు వాళ్లతో గడ్డకట్టిన మెడిసిన్ లేక్ మీద చేపలు పట్టడానికి వెళ్లావని, నాలుగు గంటలు కూర్చుంటే రెండు బ్లూగిల్ చేపలు పడ్డాయని, పది అడుగుల అవతల కూర్చున్న పెద్దాయన అవే ఎరపురుగులతో పదిహేను దాకా తీశాడని రాశావు. ఆయన గాలానికి ఉన్న రీలు, అంటే దారం చుట్టుకునే చక్రం, ఇన్‌లైన్ రకమని ఎవరో చెప్పారట. "నేనూ ఒకటి కొననా పెదనాన్నా?" అని అడిగావు. ఫోన్లో చెప్తే సగం గాల్లో కలిసిపోతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

కొనుక్కో. కానీ ఇప్పుడున్న స్పిన్నింగ్ రీలుని ఎవరికీ ఇచ్చేయకు. ఇన్‌లైన్ రీలు ఒక్క పని కోసం తయారైంది. పదిహేను, ఇరవై అడుగుల లోపు నీళ్లలో, గ్రాము బరువైనా లేని జిగ్గుతో, అంటే కొక్కేనికి అతికించిన చిన్న బరువుతో, అరచేతంత చేపల్ని పట్టడం. ఆ పనిలో దానికి సాటి లేదు. ఆ పని దాటించి వాడితే మాత్రం ఏడిపిస్తుంది. రెండు రకాలుగానూ వాడి చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందు పురి సంగతి అర్థం చేసుకో. అది అర్థమైతే మిగతాదంతా తేలిక. ఇంట్లో గిఫ్టులకు కట్టే రిబ్బను చుట్ట ఉంటే తీసుకో. టేబుల్ మీద నిలబెట్టి, చుట్ట కదలకుండా పట్టుకుని, రిబ్బనుని పైకి లాగు. ఒక్కో చుట్టు ఊడినప్పుడల్లా రిబ్బను ఒక్కో మెలిక తిరుగుతుంది, కంటికి కనిపిస్తుంది. ఇప్పుడు అదే చుట్టలో పెన్సిలు దూర్చి, చుట్టే తిరిగేలా లాగు. రిబ్బను బల్లపరుపుగా వస్తుంది. మొదటిది స్పిన్నింగ్ రీలు, రెండోది ఇన్‌లైన్ రీలు. అంతే తేడా.

స్పిన్నింగ్ రీలులో స్పూలు, అంటే దారం ఉండే చుట్ట, కదలదు; బెయిలు అనే తీగ దాని చుట్టూ తిరిగి దారాన్ని చుడుతుంది. వదిలేటప్పుడు ఎక్కే పురి చుట్టేటప్పుడు విడిపోవాలి, లెక్క ప్రకారం. మంచు మీద ఆ లెక్క కుదరదు. జిగ్గు కిందికి దిగి వేలాడుతున్నప్పుడు తనంతట తాను తిరిగి పురి విప్పుకుంటుంది. నువ్వు పైకి చుట్టగానే బెయిలు మళ్లీ కొత్త పురి ఎక్కిస్తుంది. చేప లాగుతూ డ్రాగ్, అంటే గట్టిగా లాగితే దారం వదిలే బిగింపు, జారుతున్నప్పుడు హ్యాండిల్ తిప్పావంటే ఇంకాస్త ఎక్కుతుంది. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ముప్పైసార్లు దింపి తీస్తే ఆ సన్నటి దారం ఏ స్థితిలో ఉంటుందో ఊహించుకో.

ఇన్‌లైన్ అంటే మన పతంగుల చరఖా. సంక్రాంతికి డాబా మీద మీ అన్నకి చరఖా పట్టుకుని నిలబడేదానివి, గుర్తుందా? అది నీ చేతుల్లో గిర్రున తిరుగుతూ మాంజా వదిలేది. ఎంత వదిలినా, ఎంత చుట్టినా పురి ఎక్కేది కాదు. చుట్ట తిరుగుతుంది, దారం తిన్నగా పోతుంది.

పురి ఎక్కితే ఏమవుతుందని అడుగుతావు. నీళ్ల కింద కెమెరా పెట్టి చూసిన రోజు నాకు అర్థమైంది. పన్నెండు అడుగుల లోతు. స్పిన్నింగ్ రీలుతో మూడు పౌండ్ల బరువు తట్టుకునే దారం, దాని చివర చిన్న టంగ్‌స్టన్ జిగ్గు, కొక్కేనికి రెండు తెల్ల పురుగులు. స్క్రీను మీద ఒక బ్లూగిల్ వచ్చింది. జిగ్గుకి మూడు అంగుళాల దూరంలో ఆగింది. పక్క రెక్కలు మాత్రమే ఆడిస్తూ అలా నిలబడిపోయింది. బావిలో చేద వదిలితే తాడు పురి విప్పుకుంటూ చేద తిరుగుతుంది చూడు, నా జిగ్గు అచ్చం అలాగే మెల్లగా తిరుగుతోంది. ఒక వైపు ఆరు చుట్లు, ఆగి, మళ్లీ వెనక్కి. ఆ చేప తిరుగుతున్నదాన్నే చూస్తూ వెనక్కి జరిగింది, ఇంకాస్త జరిగింది, స్క్రీనులోంచి వెళ్లిపోయింది. ఒకదాని తర్వాత ఒకటి ఐదు చేపలు అలాగే వచ్చి చూసి వెళ్లాయి. పైనుంచి చూస్తే నా దారం కదలనే లేదు. చేపలే లేవనుకుని లేచి వెళ్లిపోయేవాణ్ని.

చలికాలంలో మంచు అడుగున నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర ఉంటాయి, సరస్సు అడుగున నాలుగు డిగ్రీల సెల్సియస్. ఆ చల్లదనంలో చేప ఒంట్లో పనులన్నీ నెమ్మదిస్తాయి. వెంటపడి తినదు, దగ్గరికొచ్చి పరీక్షగా చూసి తింటుంది. నీటిలో కొట్టుకొచ్చే పురుగేదీ తన చుట్టూ తాను బొంగరంలా తిరగదు. పక్క పెద్దాయనకి పదిహేను పడి నీకు రెండు పడటానికి ఇదొక్కటే కారణమని అనను. ఆయన ముప్పై ఏళ్లుగా ఆ సరస్సుని చూస్తూ ఉండొచ్చు. కానీ ఇది పెద్ద కారణమే.

రెండో లాభం కూడా ఉంది. ఇన్‌లైన్ స్పూలు వ్యాసం ఎక్కువ, రెండున్నర అంగుళాల దాకా ఉంటుంది. చిన్న స్పిన్నింగ్ రీలు స్పూలు మీద నెలల తరబడి చుట్టి ఉన్న దారం చలికి స్ప్రింగులా బిగుసుకుని, తేలికపాటి జిగ్గు దాన్ని సాగదీయలేదు. పెద్ద స్పూలులో ఆ ముడతలు తక్కువ. దారం తిన్నగా ఉంటే చేప పైకి ఎత్తి కొరికినప్పుడు దారం వదులయ్యేది కంటికి కనిపిస్తుంది. క్రాపీ చేప చాలాసార్లు అలాగే కొరుకుతుంది, కింది నుంచి పైకి వచ్చి.

ఇక ఇబ్బందులు. ఇక్కడే నువ్వు జాగ్రత్తగా చదవాలి.

కొన్న మొదటి ఏడాది ఆ రీలు పట్టుకుని లేక్ ఆఫ్ ది వుడ్స్ వెళ్లాను. ముప్పై అడుగుల లోతు, వాల్ఐ చేపల కోసం. బయట మైనస్ 12 ఫారెన్‌హీట్. ట్రిగ్గర్ నొక్కితే స్పూలు స్వేచ్ఛగా తిరుగుతుంది, జిగ్గు జారుతూ దిగుతుంది. దిగుతున్నంతసేపూ బొటనవేలు స్పూలు అంచుకి తాకుతూ ఉండాలి. నేను గ్లవ్స్‌తో ఉన్నాను, స్పర్శ తెలియలేదు. జిగ్గు అడుగుని తాకింది, స్పూలు మాత్రం ఆగలేదు. పతంగి తెగినప్పుడు చరఖా ఆపకపోతే మాంజా ఉబ్బి ఎలా చిక్కుపడుతుందో అలాగే దారం పొరలు పొరలుగా పొంగింది. గ్లవ్స్ తీసి, వేలిగోళ్లతో ఒక్కో ఉచ్చూ లాగుతూ పావుగంట కూర్చున్నాను. ఆ పావుగంటా ఫ్లాషర్ మీద, అంటే నీళ్లలో చేపల్ని చూపే సోనార్ మీద, అడుగు నుంచి ఒక ఎర్ర గీత లేచి, జిగ్గు దగ్గర ఆగి, మళ్లీ అడుగుకి దిగిపోయింది. రెండుసార్లు. నా చేతివేళ్లు తెల్లగా అయిపోయి, ఆ తర్వాత గుడారంలో సలపరం పెట్టాయి. అప్పటినుంచి ఇరవై ఐదు అడుగులు దాటితే ఇన్‌లైన్ తీయను.

లోతులో ఇంకో చిక్కు, బరువు. గ్రాము లేని జిగ్గుకి స్పూలుని తిప్పే సత్తా ఉండదు. చలికి లోపలి గ్రీజు గట్టిపడితే అసలే కదలదు. అప్పుడు చేత్తో మూర మూర లాగి వదలాలి. పన్నెండు అడుగులకి పరవాలేదు, ముప్పై అడుగులకి చేప వెళ్లిపోతుంది. అందుకే దీనికి టంగ్‌స్టన్ జిగ్గులే వాడు. టంగ్‌స్టన్ సీసం కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా సాంద్రమైనది, అదే సైజులో బరువు ఎక్కువ, దారాన్ని బిగుతుగా ఉంచుతుంది.

చుట్టే వేగం గురించి జనం ఎక్కువ భయపెడతారు, అందులో సగమే నిజం. గేరు లేని చవక రకంలో హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే స్పూలు ఒక్క చుట్టే తిరుగుతుంది. రెండున్నర అంగుళాల స్పూలైతే చుట్టుకి ఎనిమిది అంగుళాల దారం కూడా రాదు. ముప్పై అడుగులు తీయాలంటే నలభై ఐదు చుట్లు దాటుతుంది. గేరున్న రకంలో స్పూలు రెండున్నర రెట్లు తిరుగుతుంది, ఇరవై లోపు చుట్లలో పైకి వచ్చేస్తుంది. ఆ తేడా డబ్బు పెట్టదగ్గదే. గేరు ఉందో లేదో చూసుకోకుండా మాత్రం కొనకు.

డ్రాగ్ మాత్రం చాలా రకాల్లో బలహీనమే. తొమ్మిది అంగుళాల బ్లూగిల్‌కి సరిపోతుంది. నార్తర్న్ పైక్ లాంటి పెద్ద చేప తగిలిందనుకో, డ్రాగ్ ముందు ఒక్క క్షణం బిగపట్టి, తర్వాత ఒక్కసారిగా వదులుతుంది. ఆ బిగపట్టిన క్షణంలోనే మూడు పౌండ్ల దారం తెగుతుంది. నాకు రెండుసార్లు తెగింది. అందుకని డ్రాగ్ కాస్త వదులుగా పెట్టుకుని, మిగతా బిగింపు బొటనవేలితో స్పూలు అంచు మీద ఇవ్వడం నేర్చుకో. ఇది చేతికి రావడానికి ఒక సీజన్ పడుతుంది.

గడ్డకట్టడం గురించి. డేవ్ గెంజ్ అని మన మిన్నెసోటా ఆయనే, 1980ల్లో లాక్కెళ్లే గుడారం తయారుచేసి, ఒకచోట కూర్చోవద్దు, రంధ్రం నుంచి రంధ్రానికి తిరుగుతూ చేపల్ని వెతకండి అని అందరికీ నేర్పాడు. ఆ పద్ధతి నాకు ఇష్టం. కానీ అలా బయట తిరిగేటప్పుడు ఇన్‌లైన్‌కి ఇబ్బంది ఎక్కువ. స్పూలు తెరిచి ఉంటుంది, తడి దారం పొర మీద పొర పడి అతుక్కుంటుంది. ఈ రాడ్లకు ఉండే చిన్న రింగులు కూడా తొందరగా మంచుతో మూసుకుపోతాయి. వేలితో నలిపి, ఊది తీసేయి. లైటర్ దగ్గర పెట్టకు, దారం పాడవుతుంది. రీలుని మంచు మీద పడుకోబెట్టకు. ఇంటికి రాగానే పెట్టె మూత తీసి గదిలో ఆరనివ్వు, కారు డిక్కీలో వదిలేస్తే బేరింగులో తడి గడ్డకట్టి మర్నాడు తిరగదు. హీటరున్న గుడారంలో ఈ గొడవే ఉండదు. అయితే హీటరు వెలిగిస్తే గాలి ఆడే సందు తప్పకుండా ఉంచు, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ పెట్టుకో. ఇది నేను మళ్లీ మళ్లీ చెప్తూనే ఉంటాను, విసుక్కోకు.

కొనేటప్పుడు చూడాల్సింది ఇంకొకటుంది. చాలా ఇన్‌లైన్ రీళ్లకి హ్యాండిల్ అటూ ఇటూ మార్చడానికి కుదరదు, ఎడమచేతిది వేరు, కుడిచేతిది వేరు. నువ్వు రాడ్ కుడిచేత్తో పట్టి ఎడమచేత్తో తిప్పుతావు కదా, ఎడమదే అడుగు. షాపులో ట్రిగ్గర్ నొక్కి స్పూలుని వేలితో ఒకసారి తిప్పు. గరగరలాడకుండా తిరిగి నెమ్మదిగా ఆగితే మంచిది.

ఇప్పుడు అందరూ చేసే తప్పు. కొత్త దారం చుట్టని నేల మీద పడుకోబెట్టి, దానిమీంచి ఊడదీస్తూ రీలుకి చుట్టేస్తారు. రిబ్బను గుర్తు తెచ్చుకో. పురి అంతా ఇంట్లోనే ఎక్కేసింది! తర్వాత మంచు మీద జిగ్గు తిరుగుతుంటే రీలుని తిడతారు. ఆ చుట్టలో పెన్సిలు దూర్చి, ఒకరు పట్టుకుని ఉంటే అది తిరిగేలా చుట్టు. తడిగుడ్డ మధ్య నుంచి దారం వచ్చేలా పట్టుకుంటే బిగుతుగా కూర్చుంటుంది. మూడు పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం చాలు, అది నీళ్లు పీల్చదు, మునుగుతుంది.

రీలు ఎంత మంచిదైనా ముడి జరిగితే జిగ్గు వంకరగా వేలాడుతుంది. ప్రతి చేప తర్వాతా ముడిని వేలితో జిగ్గు కన్నం నడిమధ్యకి జరుపు. బ్లూగిల్ పైకి వచ్చేటప్పుడు గుండ్రంగా ఈదుతూ వస్తుంది, అది కొంచెం పురి ఎక్కిస్తుంది. మళ్లీ దింపాక పది లెక్కపెట్టు, జిగ్గు నిలబడ్డాకే ఆడించడం మొదలుపెట్టు.

డబ్బు ఇప్పుడే పెట్టకూడదనుకుంటే, ఉన్న స్పిన్నింగ్ రీలుతోనే సగం బాధ తగ్గించుకోవచ్చు. జిగ్గుకి ఒకటిన్నర అడుగుల పైన అతి చిన్న స్వివెల్, అంటే తనంతట తిరిగే లింకు, కట్టు. బెయిలు చేత్తో మూయి. డ్రాగ్ జారుతుంటే హ్యాండిల్ తిప్పకు. మనకి చలికాలంలో మంచు మీద రెండు గాలాలు వేయడానికి అనుమతి ఉంది. నేను ఇన్‌లైన్ చేత్తో పట్టుకుని బ్లూగిల్స్ చూస్తాను, రెండో రంధ్రంలో స్పిన్నింగ్ రాడ్‌కి బెండు కట్టి బతికున్న చిన్న చేప వేసి వదిలేస్తాను. రెండు రీళ్లూ తమ తమ పని చేసుకుంటాయి.

శనివారం పొద్దున ఏడింటికి మన ఇంటికి వచ్చెయ్. నా రెండు ఇన్‌లైన్ రీళ్లు తెస్తాను, గేరున్నది, లేనిది. రెండూ నీ చేత్తో తిప్పి చూశాకే కొను. గడ్డపార నేను తెస్తాను, నాలుగు అడుగులకోసారి పొడుస్తూ ముందు నేను నడుస్తాను, నా వెనకే రా. నాలుగు అంగుళాల గట్టి పారదర్శక మంచు ఉంటేనే కాలు పెడతాం, తెల్లగా ఉన్న మంచైతే దానికి రెట్టింపు కావాలి. ఐస్ పిక్స్, అంటే నీళ్లలో పడితే మంచులో గుచ్చి పైకి రావడానికి వాడే మేకులు, మెడలో వేసుకుని రా. మీ పెద్దమ్మ పులిహోర కట్టిస్తానంటోంది, రెండు డబ్బాలు.

మీ పెదనాన్న