ఏడ్చే బాబును వదిలి ఏడవని పాపను ముందెందుకు చూశారు?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. పోయిన నెల చేను నుంచి వస్తుంటే మా ట్రాలీ ఆటో బోల్తా పడింది. ఏడేళ్ల మా బాబుకు నుదురు చీరుకుపోయి ముఖమంతా రక్తం, ఒకటే ఏడుపు. మా ఆడపడుచు కూతురికి అయిదేళ్లు. ఒంటి మీద గీత కూడా లేదు, ఊరికే పడుకుంది. ఆసుపత్రిలో ముందు ఆ పాపనే చూశారు. తరువాత ఆమెను హైదరాబాదు పంపాలన్నారు, కానీ అరగంటకు పైగా కదలనివ్వలేదు. స్కానింగు కూడా తీయలేదు. కారులో తీసుకుపోతామంటే ఒప్పుకోలేదు. హైదరాబాదులో కడుపులో ఎడమవైపు ఉండే ప్లీహం చిట్లిందన్నారు. ఆపరేషన్ లేకుండానే కోలుకుంది. ఆ ఆలస్యం ఎందుకు? నేరుగా కారులో వెళ్తే మంచిది కాదా? పాపను ఆటలకు ఎప్పుడు పంపాలి?
– ఒక తల్లి, దేవరకొండ మండలం

జవాబు: అమ్మా, మీ బాబు ఏడుపు విన్న నర్సమ్మకు సగం ధైర్యం వచ్చి ఉంటుంది. గట్టిగా ఏడుస్తున్నాడంటే గాలి ఆడుతోంది, స్పృహ ఉంది. నుదుటి గాయాన్ని గుడ్డతో అదిమి పెడితే కుట్లకు కాసేపు ఆగవచ్చు. ప్రమాదంలో పడ్డ పిల్ల పిలిచినా పలకకుండా, చేతులు కాళ్లు చల్లబడి పడుకుంటే మాత్రం మేము పరుగెత్తుతాము.

అయిదేళ్ల పాప ఒంట్లో ఉండే రక్తం సుమారు లీటరున్నర. అందులో 350 మిల్లీలీటర్లు, అంటే పెద్దవాళ్లు రక్తదానంలో ఇచ్చే ఒక్క సంచి, పోయిందంటే దాదాపు పావు వంతు పోయినట్టే. అప్పటికీ బీపీ మామూలుగానే కనిపించవచ్చు. పిల్లల గుండె వేగంగా కొట్టుకుంటూ, రక్తనాళాలు బిగుసుకుంటూ చాలాసేపు నెట్టుకొస్తాయి, ఆ తరువాత ఉన్నట్టుండి కూలబడతారు. అందుకే మేము బీపీ కంటే ముందు నాడిని, అరచేతి చల్లదనాన్ని, గోరు నొక్కి వదిలితే రంగు ఎంతసేపటికి తిరిగి వస్తుందో చూస్తాము. గీత లేదన్నారు కదా, పిల్లల పక్కటెముకలు మెత్తన. అవి విరగకుండా వంగుతాయి, దెబ్బ లోపలి ప్లీహానికో కాలేయానికో తగులుతుంది.

ఇక ఆ అరగంట. ఆక్సిజన్ పెట్టాలి, చేతికి సూది ఎక్కించాలి, రక్తం గ్రూపు చూడాలి. ఏడ్చి గాలి మింగిన పిల్లల పొట్ట ఉబ్బుతుంది, దారిలో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకని ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేయాలి. దుప్పటి కప్పాలి, ఎందుకంటే ఒళ్లు చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు. వీటన్నిటికంటే ముఖ్యం ఫోను. నల్లగొండకా, హైదరాబాదుకా అన్నది ఆ పూట పిల్లల సర్జన్, మంచం, రక్తం ఎక్కడ ఉన్నాయో కనుక్కున్నాకే తేలుతుంది. ఈ ఫోను లేకుండా పంపిన పిల్లలు ఒక గేటు నుంచి ఇంకో గేటుకు తిరుగుతారు. అది నాకు భరించరాని విషయం. స్కానింగు తీయకపోవడం కూడా సరైనదే. చిట్లిందని తెలిసినా అక్కడ ఆపరేషన్ చేసేవారు లేనప్పుడు, ఆ సమయం ప్రయాణానిది.

కారు సంగతి. నూరు కిలోమీటర్లకు పైగా దారి. దారిలో మాల్ అనే ఊరు దాటాక పాప ఊపిరి మందగిస్తే వెనక సీటులో ఒళ్లో పెట్టుకున్న మేనమామ ఏం చేయగలడు? 108కే ఫోన్ చేయండి. బండి దొరకని చోట, దొరికిన వాహనంలో దగ్గరి ఆసుపత్రి వరకు తీసుకువెళ్లండి, అంతే.

మీ కోపంలో ఒక న్యాయం ఉంది. ఆ అరగంటలో ఏం చేస్తున్నారో మీకు ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. డబ్బు కట్టలేదనో, పోలీసు కాగితం రాలేదనో ఆపితే మాత్రం ఒప్పుకోవద్దు. ముందు చికిత్స, తరువాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. బయలుదేరే ముందు రెఫరల్ చీటీలో ఏ మందు ఏ సమయానికి ఇచ్చారో రాయించుకోండి.

ఆటల గురించి: పాప డిశ్చార్జి కాగితంలో ప్లీహం గాయానికి గ్రేడు అని ఒక అంకె ఉంటుంది. దానికి రెండు కలిపితే ఎంతో, దెబ్బ తగిలిన నాటి నుంచి అన్ని వారాలు గెంతులు, సైకిలు, చెట్లెక్కడం వద్దని పిల్లల సర్జన్లు సాధారణంగా చెబుతారు. గ్రేడు మూడైతే అయిదు వారాలు. చూసిన సర్జన్ ఇంకా ఎక్కువ చెప్పి ఉంటే ఆయన మాటే వినండి. బడికి అంతకు ముందే పంపవచ్చు, ఆటల పీరియడులో కూర్చోబెట్టమని టీచరుకు చెప్పండి. ఈలోగా కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ముఖం పాలిపోవడం, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రికి ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.