నాన్నగారి కారు, నాన్నగారి పేరున బీమా

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నాన్నగారు చనిపోయి రెండున్నర నెలలైంది. కారు ఆయన పేరునే ఉంది, నేను నడుపుతున్నాను. బీమా గడువు ఇంకా ఐదు నెలలు ఉంది. ఆ తర్వాత కూడా ఆయన పేరునే ఫోనులో రెన్యువల్ చేసుకోవచ్చని, ఆర్‌సీ తీరిగ్గా మార్చుకోవచ్చని ఏజెంటు అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. మీకు మిగిలింది ఐదు నెలలు కాదు, రెండు వారాలు. పాలసీ పత్రం తీసి, వారసుల గురించి ఉన్న షరతు చదవండి. పాలసీదారు మరణించిన రోజు నుంచి మూడు నెలలు లేదా పాలసీ గడువు, ఏది ముందు ముగిస్తే అంతవరకే ఆ పాలసీ చెల్లుతుంది. ఆలోగా పాలసీని మీ పేరున మార్చమని గాని, కొత్తది ఇమ్మని గాని కంపెనీకి దరఖాస్తు చేయాలి. మరణ ధ్రువపత్రం, కారు మీకు సంక్రమించినట్లు ఆధారం, పాత పాలసీ జతచేసి, అందినట్లు ముద్ర వేయించుకోండి.

చనిపోయినవారి పేరున డబ్బు కడితే రసీదు వస్తుంది. కానీ బీమా ఒక ఒప్పందం. లేని మనిషితో ఒప్పందం ఎలా కుదురుతుంది? రేపు కారు దెబ్బతింటే, క్లెయిము తిరస్కరించడానికి కంపెనీకి ఆ ఒక్క కారణం చాలు. అశుభం పలుకుతున్నానని అనుకోకండి, నన్ను ఇంతకన్నా కలవరపెట్టేది మరొకటి ఉంది. యజమానే కారు నడుపుతూ ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 15 లక్షల రూపాయలు ఇచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా, ఆర్‌సీలోనూ పాలసీలోనూ పేరున్న వ్యక్తికే వర్తిస్తుంది. ఈ రోజు ఆ రెండింటిలోనూ మీ పేరు లేదు.

ఆర్‌సీ సంగతి. యజమాని మరణాన్ని 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి, మూడు నెలల్లోగా ఫారం 31లో బదిలీకి దరఖాస్తు చేయాలి. మొదటి గడువు దాటిపోయింది, అయినా వెంటనే వెళ్లండి. తండ్రి పేరు తీసేయడానికి మనసొప్పక ఆర్‌సీని అలాగే ఉంచేసిన కొడుకులను చాలామందిని చూశాను. ఆ బాధ అర్థమవుతుంది, కానీ చట్టం ఆగదు.

ఒక్క మాట. మీరు హిందువులై, వీలునామా లేకపోతే, 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం కారు మీ ఒక్కరిదే కాదు. అమ్మగారికి, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు సమాన వాటా ఉంటుంది. నాయనమ్మ బతికి ఉంటే ఆమెకూ ఉంటుంది. చాలామంది మరచిపోయేది ఆమెనే. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి వార్డు సచివాలయంలో దరఖాస్తు చేసి, మిగతావారి సమ్మతిని అఫిడవిట్‌గా తీసుకోండి. కారుపై అప్పు ఉంటే బ్యాంకు నిరభ్యంతర పత్రం కూడా కావాలి.

నాన్నగారు సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయని ఏళ్లకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, కొడుకుగా మీకు బదిలీ అవుతుంది. దరఖాస్తులోనే అడగండి.