నర్సు రాసిన లెక్క ఫైలెక్కుతుందా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు. చదువవగానే జర్మనీ పంపుదామనుకున్నాం. తనేమో రీసెర్చ్ చేస్తానంటోంది. నర్సులు తీసిన లెక్కలతో ప్రభుత్వ నిర్ణయాలే మారతాయట. నర్సు చెప్తే ప్రభుత్వం వింటుందాండీ?

జవాబు: ఊరికే చెప్తే వినదండీ, లెక్క కట్టి చూపిస్తే విన్న సందర్భాలున్నాయి. మీ వైపు సంగతే చూడండి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తలు మనిషి పోయిన ప్రతి ఇంటికీ వెళ్లారు. ఆఖర్లో ఆయాసపడ్డారా, గుండెల్లో నొప్పన్నారా అని అడిగి రాసుకున్నారు. తీరా చూస్తే చావుల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. బీపీ మాత్ర ఊళ్లోనే దొరకాలని అడగడానికి ఇంతకన్నా ఆధారమేం కావాలి?

ఇక అచ్చంగా నర్సుల పరిశోధనంటే, లిండా ఎయికెన్ అనే నర్సు బృందం 2002లో అమెరికాలో తేల్చింది: నర్సు మీద ఒక్కో రోగి పెరిగేకొద్దీ, ఆపరేషన్ అయినవాళ్లు నెలలోపు చనిపోయే ముప్పు 7 శాతం చొప్పున పెరుగుతోందని. ఇలాంటి లెక్కలే ఆధారంగా ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రం 2016లో పగటిపూట సగటున నలుగురు రోగులకో నర్సు ఉండాలని నిబంధన పెట్టింది. అదనపు నర్సుల కోసం పెట్టిన ఖర్చుకు రెట్టింపు కన్నా ఎక్కువే ఆదా అయిందని తర్వాతి అధ్యయనం చూపించింది. ఆర్థిక శాఖకు అర్థమయ్యే భాష ఇదే! రాత్రి డ్యూటీలో వార్డు మొత్తాన్నీ ఒక్క సిస్టరే చూసుకోవడం మనమూ చూస్తుంటాం. చూడటం వేరు, ఫైలెక్కడం వేరు.

అయితే చదువవగానే పీహెచ్‌డీ అంటే నేను ఒప్పుకోను. రెండేళ్లు వార్డులోనో, పల్లె క్లినిక్‌లో సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్)గానో చేయనివ్వండి. తర్వాత ఎమ్మెస్సీ నర్సింగ్ గానీ, ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) గానీ. ఈ దారిలో ఉద్యోగాలు తక్కువ, జర్మనీ జీతమూ రాదు. అది దాచను. జర్మనీ వెళ్లొచ్చాకా చదువుకోవచ్చు లెండి.

ఈలోగా డిగ్రీలో చేయాల్సిన ప్రాజెక్టు ఉంటుంది కదా. "స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం" (పాఠం చెప్పి, ఎంత నేర్చుకున్నారో కొలవడం) అంటూ సీనియర్ల పుస్తకం తిరగేసి రాసేవాళ్లే ఎక్కువ. మీ అమ్మాయిని అది వద్దనండి. వరదల్లో పడవ దాటలేక ఎంతమంది గోదావరి లంక గ్రామాల గర్భిణుల బీపీ పరీక్ష తప్పిపోతోందో ఏఎన్‌ఎం రిజిస్టర్లోంచి, అనుమతి తీసుకుని, తీయమనండి. ఆ రిజిస్టర్‌తో నాలుగు సాయంత్రాలు కూర్చున్నాక కూడా రీసెర్చే కావాలంటే, అప్పుడు జర్మనీ మాట కాస్త పక్కన పెట్టండి.